దున్నలు దాటేదాకా

బుడ్డోడికి నాలుగేళ్ళు. కన్నతల్లిని వాడు "మీ అమ్మ" అంటాడు. అక్కతో మాట్లాడేటప్పుడు అలా అంటాడు. "అక్కా, మీ అమ్మ పిలుస్తోంది." "అక్కా, మీ అమ్మ నా చెప్పులు ఎక్కడో పెట్టేసింది." విన్నవాళ్ళు పడీపడీ నవ్వుతారు. తల్లి కూడా వాళ్ళతోపాటు నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది? నాలుగేళ్ళ పిల్లాడి మీద కేసు పెడుతుందా?

వాడి తప్పేమీ లేదు. పదో నెలలో వాణ్ణి వెనకింటి పిన్ని ఒళ్ళో పెట్టి తల్లి మళ్ళీ ఫ్యాక్టరీకి పోయింది. పొద్దున వాడు కళ్ళు తెరవకముందే పోతుంది, వాడు నిద్రపోయాక వస్తుంది. వాడికి అన్నం పెట్టేది, ముక్కు తుడిచేది, చెవి మెలిపెట్టేది, మెలిపెట్టాక ముద్దు పెట్టేది వెనకింటి పిన్ని. కాబట్టి వాడి దృష్టిలో అమ్మ ఆవిడే. ఫ్యాక్టరీలో పిల్లల గది లేదా అని మీరు అడగవచ్చు. ఎందుకు లేదు, ఉంది. తలుపు మీద బోర్డుంది. బోర్డు మీద నవ్వుతున్న కుందేలు బొమ్మ ఉంది. లోపల కప్పు తగిలేదాకా అట్టపెట్టెలున్నాయి. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే పెట్టెలు తీసి రెండు ఉయ్యాలలు వేలాడదీస్తారు. తనిఖీ అయిన మర్నాడు ఉయ్యాలలు తీసి పెట్టెలు పేరుస్తారు. ఆ ఉయ్యాలల్లో ఇంతవరకూ ఒక్క పసిగుడ్డు పడుకున్న పాపాన పోలేదు.

ఆమె చొక్కాలకు చేతులు కుడుతుంది. తొమ్మిదేళ్ళుగా అదే పని. ఒళ్ళు ఒకరు కుడతారు, కాలరు ఒకరు, జేబు ఒకరు, గుండీలు ఒకరు. ఆమె మెషిను దగ్గరికి వచ్చేసరికి చొక్కా మొండిగా వస్తుంది, చేతులతో పోతుంది. అందుకే లైనులో ఆమెను అందరూ చేతులమ్మ అంటారు. పక్క మెషిను ఆవిడ కాలరక్క. ఎదురు వరసలో గుండీల పిన్ని. అసలు పేర్లు హాజరు పుస్తకంలో ఉంటాయి, ఆ పుస్తకం సూపర్వైజరు బల్ల సొరుగులో ఉంటుంది.

ఆ సంవత్సరం యాజమాన్యానికి హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. "కుటుంబ దినం" అని నోటీసు అంటించారు. ఒక బస్సు, అందులో పట్టినంత మంది, పిల్లాపాపలతో సహా నేషనల్ పార్కుకు తీసుకుపోతారట. అడవి, జింకలు, ఎలుగుబంట్లు, భోజనం, ఫోటో. నోటీసు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: ఈ రోజును వారపు సెలవుగా పరిగణించడమైనది. అంటే వాళ్ళ సెలవే వాళ్ళకు రంగు కాగితంలో చుట్టి కానుకగా ఇచ్చారన్నమాట. కాలరక్క ఆ ముక్క పైకి చదివి, "మన బిడ్డను మనకే ఎత్తుకోమని ఇచ్చి, జాగ్రత్త, మాకు దండం పెట్టు అన్నట్టుంది" అంది.

"నువ్వు రావా మరి?" అంది చేతులమ్మ.

"రాకేం? ఇంట్లో ఉంటే బట్టలుతకాలి."

చేతులమ్మ ఆ రోజే సంతకం చేసింది. అడవి మీద మోజుతో కాదు. పొద్దుట్నుంచి సాయంత్రందాకా బుడ్డోడు తన దగ్గరే ఉంటాడు, వెనకింటికి పరుగెత్తడానికి అక్కడ వెనకిల్లు ఉండదు. ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో వాడు ఒక్కసారి, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను ఆమె దగ్గరికి రావాలి. ఆమె కోరిక అంతే. సొంత కుటుంబసభ్యులు మాత్రమే రావాలని నోటీసులో ఉండటంతో, వెనకింటి పిన్నిని తీసుకురావడం కుదరదని చెప్పడానికి ఆమెకు సాకు దొరికింది. ఆ రూలు చూసి లోలోపల సంబరపడింది కూడా. ఆ సంబరానికి తర్వాత సిగ్గుపడింది. ఏళ్ళ తరబడి తన పిల్లాణ్ణి సాకిన మనిషి మీద అసూయ ఏంటని తనను తాను తిట్టుకుంది. తిట్టుకున్నా అసూయ పోలేదు.

మొగుడు గోదాములో బస్తాలు మోస్తాడు. అతనికి సెలవివ్వలేదు. కుటుంబ దినానికి కుటుంబంలో ఒక కాలు విరిగింది, మిగతా మూడు కాళ్ళూ బయల్దేరాయి.

*

ఐదింటికి బస్సు. నాలుగింటికి లేచి గుడ్లు ఉడకబెట్టి, బ్రెడ్డు, అరటిపళ్ళు సర్దింది. పెద్దది ఆరేళ్ళది. దాన్ని ఇంట్లో మేస్త్రి అంటారు, ఎందుకంటే అది పని చేయదు, చేయిస్తుంది. "అమ్మా, నీళ్ళు పెట్టావా? మూత బిగించావా? పోయినసారి బిగించలేదు." బుడ్డోడు వీధి చివర్నుంచి బస్సు దాకా ఏడ్చాడు. "పిన్నమ్మ కావాలి, పిన్నమ్మ కావాలి." ఎలుగుబంటిని చూపిస్తానంటే ఆపాడు.

"నిజం ఎలుగుబంటా?"

"నిజంది."

"పళ్ళుంటాయా?"

"ఇంతింత ఉంటాయి."

"పిన్నమ్మకు చెప్పాలి," అన్నాడు వాడు. చెప్పి, అక్క ఒళ్ళోకి ఎక్కి కూర్చున్నాడు.

నాలుగు గంటల ప్రయాణం. మొదటి మలుపు తిరగ్గానే బస్సులో పెద్దవాళ్ళందరూ నిద్రపోయారు. మాటలు మధ్యలో ఆపేసి, నోళ్ళు తెరుచుకుని, ఒకరి భుజం మీద ఒకరు. ఏడాది పొడుగునా బాకీ పడ్డ నిద్ర అది, కూర్చోబెడితే చాలు వచ్చి పడుతుంది. చేతులమ్మ చెవి తమ్మె గిల్లుకుంటూ మేలుకుంది. రెండో షిఫ్టులో మెషిను మీద కునుకు పడితే సూది వేలిలో దిగుతుంది కదా, అప్పుడు చేసే పనే ఇది. గిల్లుకుని గిల్లుకుని చెవి ఎర్రబడింది. బుడ్డోణ్ణి చూస్తూ కూర్చుంది. వాడు కిటికీలోంచి లారీలు లెక్కపెడుతూ, నాలుగు తర్వాత ఏడు అన్నాడు. "ఐదురా" అంది ఆమె. వాడు ఆమె వైపు చూడకుండా, "అక్కా, నాలుగు తర్వాత ఏడే కదా?" అన్నాడు.

దారిలో గుండీల పిన్ని మనవడు వాంతి చేసుకున్నాడు. ఆ వాసనకు ఇంకో ఇద్దరు చేసుకున్నారు. సూపర్వైజరు ముందు సీట్లో ఈల మెడలో వేసుకుని, చేతిలో పేర్ల జాబితాతో కూర్చున్నాడు. "పిల్లల్ని అదుపులో పెట్టుకోండమ్మా" అన్నాడు. వాంతిని అదుపులో పెట్టుకోవడం ఎలాగో ఆయన చెప్పలేదు.

పార్కు గేటు దగ్గర గంటన్నర వరస. ఒక వరసలో నిలబడి కాగితం తెచ్చుకోవాలి, ఇంకో వరసలో కాగితం చూపించి చీటీ తెచ్చుకోవాలి, మూడో వరసలో చీటీ ఇచ్చి వ్యాను ఎక్కాలి. ఎండ మాడ్చేస్తోంది. అడవి చూడ్డానికొచ్చిన జనానికి నిలబడ్డానికి ఒక్క చెట్టు నీడ లేదు, చెట్లన్నీ గేటుకు అవతల ఉన్నాయి. బుడ్డోడు తొడలు దగ్గరగా పెట్టి గెంతసాగాడు.

"ఒంటేలా? రా నాన్నా, నేను తీసుకెళ్తా."

"అక్క తీసుకెళ్తుంది."

"అక్క చిన్నది, అక్కడ తడిగా ఉంటుంది, జారతారు."

"అక్కా, మీ అమ్మకు చెప్పు, నేను జారను."

మేస్త్రి వాణ్ణి చెయ్యి పట్టి లాక్కుపోయింది. చేతులమ్మ వరసలో తన చోటు వదలకుండా, మూడు సంచులతో, ఆ ఇద్దరి వీపులూ చూస్తూ నిలబడింది. కాలరక్క వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేవే. మా పెద్దాడికి పదహారేళ్ళు, వాడు నాతో ఇప్పటికీ మాట్లాడడు. ఇంకా పన్నెండేళ్ళు టైముంది నీకు."

"నీ ఓదార్పు పాడుగాను."

వ్యానులు బయల్దేరే ముందు అడవి గార్డు వచ్చాడు. మీసాలు తెల్లబడిన మనిషి, చేతిలో కర్ర. రోజుకు పదిసార్లు చెప్పే మాటలే కాబట్టి ఒంటి శ్వాసలో చెప్పేశాడు. "ఈ చివర్నుంచి ఆ చివరకు పోవాలంటే రెండు రోజులు పడుతుంది. మీకు చూపించేది గోరంత. దిగమన్న చోటే దిగాలి. భోజనాల చోట చుట్టూ కంచె ఉంది, కంచె దాటకూడదు. పక్కనే మడుగుంది, అడవి దున్నలు నీళ్ళకొస్తాయి. అవి వస్తున్నాయంటే సైరన్ మోగుతుంది. సైరన్ వింటే ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలి. లేవకూడదు, నడవకూడదు. మళ్ళీ రెండోసారి మోగేదాకా కదలకూడదు. అర్థమైందా?"

పిల్లలు "అయ్యింది తాతా" అని అరిచారు. పెద్దవాళ్ళలో సగం మంది అప్పటికే వ్యాను సీట్లలో కూలబడి కళ్ళు మూసుకున్నారు. చేతులమ్మ చెవి తమ్మె మీంచి చెయ్యి జారిపోయింది. ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లోనే గార్డు మాటలు వచ్చి వెళ్ళిపోయాయి.

గంట సేపు వ్యాను తిరిగింది. దుమ్ము, గుంతలు, ఎండిన గడ్డి, దూరంగా ఊదా రంగు కొండలు. "అదిగో జింకలు" అని డ్రైవరు అరిచేవాడు. పిల్లలు లేచి నిలబడేవాళ్ళు. పెద్దవాళ్ళు ఉలిక్కిపడి లేచి "ఏవీ ఏవీ" అనేవాళ్ళు, అప్పటికి జింకలు పోయేవి, మళ్ళీ తలలు వాలిపోయేవి. చేతులమ్మకు మాత్రం ఒక జింక కనబడింది. బుడ్డోడు దాన్ని చూస్తూ అరటిపండు తిన్నాడు. తొక్క ఎక్కడ వేయాలో తెలియక అటూ ఇటూ చూసి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ తొక్కను పారేయకుండా చాలాసేపు పట్టుకుంది. మీకు నవ్వు రావచ్చు. నాలుగేళ్ళ పిల్లాడు రోజూ మీ చేతిలో తొక్కలు పెట్టేవాడైతే నవ్వండి.

*

భోజనాల చోట కర్ర బెంచీలు, చుట్టూ నడుం ఎత్తు కంచె, ఒక చిన్న తలుపు. తలుపు అవతల బాట, బాట పక్కన రేకుల షెడ్డు, దాని ముందు వ్యానులు. ఇటుపక్క మాత్రం కంచె మెడ ఎత్తుంది, దానికి అవతల మడుగు. పెద్ద గిన్నెల్లో అన్నం వచ్చింది, ఎవరి డబ్బాలో వాళ్ళు పెట్టుకున్నారు. అన్నం తిన్నాక పిల్లలు ఆడుకోలేదు, వాళ్ళు కూడా అలిసిపోయారు. మేస్త్రి చెట్టు వేరు మీద కూర్చుని చీమలకు పని పురమాయిస్తోంది.

బుడ్డోడు బెంచీ మీద తల్లి పక్కన కూర్చున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. వాడి తల ఒకసారి ముందుకు వంగింది, ఒకసారి వెనక్కి. తర్వాత మెల్లగా పక్కకు వాలి ఆమె భుజానికి కాస్త కింద ఆగింది. చొక్కా చేయి కుట్టు ఉండే చోట. వాడి నోట్లోంచి కొంచెం ఉమ్ము కారి ఆమె రవికె తడిసింది. ఆమె ఊపిరి బిగబట్టింది. వాణ్ణి సర్దలేదు, జుట్టు నిమరలేదు, కదిలితే ఎక్కడ మేలుకుంటాడోనని భయం. ఒళ్ళో అన్నం డబ్బా మూత తెరిచే ఉంది. దూరంనుంచి కాలరక్క చూసి కనుబొమలెగరేసింది. చేతులమ్మ కళ్ళతోనే "నోర్మూసుకో" అంది.

అప్పుడు పన్నెండున్నర.

సైరన్ మోగింది.

ఒకే ఒక్క పొడుగాటి కూత. ఫ్యాక్టరీలో భోజనం అయిందని కూసేది సరిగ్గా ఆ కూతే, సరిగ్గా ఆ వేళకే. ఆ కూత ఆగేలోపు మెషిను ముందు ఉండాలి, లేకపోతే పూట గైరుహాజరు. తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు విని ఉంటుంది? ఆ కూతకూ ఆమె మోకాళ్ళకూ మధ్య తలకాయకు పని లేదు.

డబ్బాల మూతలు ఒక్కసారిగా టపటపా పడ్డాయి. ఇరవై మంది లేచారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. నోట్లో ముద్ద ఉన్నవాళ్ళు మింగారు, చేతులు చీరలకు తుడుచుకున్నారు, ఒకరి వెనక ఒకరు వరస కట్టి, చిన్న తలుపు తీసి, బాట మీదకు నడిచారు. ముసలివాళ్ళూ, వేరే చోట్ల పనిచేసే మొగుళ్ళూ, పిల్లలూ బెంచీల మీదే కూర్చుని, వీళ్ళెక్కడికి పోతున్నారో తెలియక నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. వరసలో కాలరక్క ఉంది, గుండీల పిన్ని ఉంది. చేతులమ్మ ఉంది.

ఎన్ని అడుగులు వేసిందో ఆమెకు తెలియదు. మూత పెట్టిన డబ్బా చంకలో ఉంది. బాటకు అడ్డంగా గార్డు కర్ర ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడికి? ఎక్కడికి మీరంతా? బుర్రలున్నాయా? దున్నలొస్తున్నాయి, లోపలికి, షెడ్డులోకి!" అప్పుడు కుడిచేతి పైన తడి చల్లగా తగిలింది. ఆమె ఆగి ఆ తడి వైపు చూసుకుంది. వెనక్కి తిరిగింది. వెనక ఇరవై మంది తోసుకొస్తున్నారు, వాళ్ళ వెనక చిన్న తలుపును ఇంకో గార్డు మూసి గడియ వేసేశాడు. "నా పిల్లలు!" అని అరిచింది. "వాళ్ళు కంచె లోపల భద్రంగా ఉన్నారమ్మా, బయట ఉన్నది నువ్వే!" అని ముసలి గార్డు ఆమెను షెడ్డులోకి నెట్టాడు.

షెడ్డుకు ఒక పక్క ఇనప జాలీ. గడ్డి మోపులు, పాత టైర్లు, ఇరవై మంది. సూపర్వైజరు కూడా అక్కడే ఉన్నాడు, చంకలో జాబితాతో.

"సార్, మీరూ వచ్చారేంటి?" అంది కాలరక్క.

"మిమ్మల్ని ఆపుదామని వెనకే వచ్చాను."

"మీరు నా ముందున్నారు సార్."

కొంతమంది నవ్వారు. ఆ నవ్వు త్వరగానే ఆరిపోయింది. కాలరక్క తన చేతిలోకి చూసుకుంది. ఎవరిదో గరిటె ఉంది. "పర్సు అక్కడే వదిలేశానే. చిన్నకూతుర్ని వదిలేశాను. గరిటె మాత్రం తెచ్చాను." ఇంకెవరూ నవ్వలేదు. గుండీల పిన్ని టైరు మీద కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

దున్నలు వచ్చాయి. ముందు ఒకటి, తర్వాత ఐదారు, తర్వాత లెక్క తెలియలేదు. నల్లటి గోడ ఒకటి కదులుతున్నట్టు బాట దాటి, కంచె పక్కగా మడుగు వైపు పోతున్నాయి. తొందర పడటం లేదు. మధ్యలో ఆగి గడ్డి పీకుతున్నాయి. దూడలు పాలు తాగుతుంటే తల్లులు నిలబడుతున్నాయి. వాటిని ఎవరూ తోలడం లేదు. ఫ్యాక్టరీలో పాలిచ్చే తల్లికి పది నిమిషాలు ఎక్కువ ఇవ్వమని రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు, అవి ఏ చెత్తబుట్టలో ఉన్నాయో.

చేతులమ్మ జాలీకి ముఖం ఆనించి చూసింది. దున్నల వీపుల సందులోంచి బెంచీ కనబడుతోంది. మేస్త్రి దాని మీద నిటారుగా కూర్చుని, తమ్ముడి చొక్కా వెనకనుంచి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. చుట్టూ ఉన్న పిల్లలకు రెండో చేత్తో "కూర్చో, కూర్చో" అని సైగ చేస్తోంది. బుడ్డోడు ఏడవడం లేదు. ఏడుస్తాడని, తల్లి కోసం వెతుక్కుంటాడని ఆమె భయపడింది. వాడు దున్నల్ని చూస్తున్నాడు. ఒక్కసారైనా షెడ్డు వైపు చూడలేదు. ఆమె లేచి వెళ్ళిపోవడం వాడికి వింతగా అనిపించలేదు. ఆమె రోజూ చేసే పని అదే కదా.

జాలీ గీతలు చెంప మీద అచ్చుపడ్డాయి. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఒళ్ళంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది. ఏడవడానికి కూడా కొంచెం సత్తువ కావాలి.

*

రెండో సైరన్ మోగేసరికి అరగంట దాటింది. ఆమె పరుగెత్తుకుపోయింది.

"ఎక్కడికెళ్ళావ్?" అంది మేస్త్రి.

"సైరన్ మోగింది కదే..."

"అది కూర్చోమని మోగిన సైరన్. పొద్దున తాత చెప్పాడుగా. నువ్వు నిద్రపోయావ్. నువ్వు లేచేసరికి వీడు బెంచీ మీంచి కింద పడ్డాడు. మోకాలు గీరుకుంది. నేనే లేపాను, నేనే ఊదాను."

మోకాలి మీద మట్టి, మట్టిలో సన్నగా నెత్తురు. ఆమె కొంగు తడిపి వంగింది. వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. "అక్క తుడిచేసింది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపమొచ్చినా బాగుండేది.

క్షమాపణ ఏమని చెబుతుంది? నిన్ను వద్దనుకుని లేవలేదు నాన్నా, అసలు లేచింది నేను కాదు అని చెప్పాలి. ఆ ముక్క పెద్దవాళ్ళకే అర్థం కాదు.

అవతల గార్డు చెమట తుడుచుకుంటూ సూపర్వైజరుతో అంటున్నాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో సైరన్ వినగానే దున్నలకు ఎదురెళ్ళిన జనాన్ని చూళ్ళేదు సార్. పారిపోయినవాళ్ళను చూశాను. వరస కట్టి పోయినవాళ్ళను ఇదే చూడటం."

సూపర్వైజరు ఈల సర్దుకుంటూ నవ్వాడు. "మావాళ్ళ క్రమశిక్షణ అలాంటిది. కూత వినపడితే చాలు."

ఆ మాట నలుగురూ విన్నారు. కాలరక్క గరిటెను నేలకేసి కొట్టింది.

"ఇక ఎలుగుబంట్ల వైపు పోవడం లేదు," అన్నాడు సూపర్వైజరు గొంతు పెంచి. "టైం అయిపోయింది. ఫోటో దిగి బస్సెక్కాలి, రేపు పొద్దుటి షిఫ్టు ఉంది. అందరూ కుటుంబ దినం బ్యానరు ముందుకు రండి. నవ్వుతూ!" ఈల ఊదాడు.

జనం ఈడ్చుకుంటూ లేచారు. చేతులమ్మ కూడా సంచులు తీసుకోబోయింది. బెంచీ మీద బుడ్డోడు లేడు. చూస్తే కంచె దగ్గర ఉన్నాడు, మడుగు వైపు. గుంపు వెళ్ళిపోయినా ఒక ముసలి దున్న మాత్రం బురదలో పడుకుని ఉంది, కొమ్ముల మీద పిట్ట వాలింది. కంచె పలకల మధ్య సందు సన్నగా ఉంది. వాడు ఒక కన్ను ఆనించి చూస్తున్నాడు, తర్వాత రెండో కన్ను మార్చుకుంటున్నాడు.

ఆమె సంచులు బెంచీ మీద వదిలి వాడి పక్కకు వెళ్ళింది. మరీ దగ్గరగా పోలేదు. ఒక మనిషి పట్టేంత చోటు మధ్యలో ఉంచి, కంచెకు ఆనుకుని నిలబడింది.

ఈల మళ్ళీ మోగింది. ఆమె కాళ్ళు కదిలాయి. నిజంగానే కదిలాయి, కుడి మడమ లేచింది కూడా. ఆమె కంచె పలకను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఏమ్మా, నీకు వేరే చెప్పాలా?" సూపర్వైజరు నడిచొచ్చాడు. "ఫోటోలో అందరూ ఉండాలి."

"వాడు చూస్తున్నాడు సార్. చూడనివ్వండి."

"బస్సు ఆగదు నీ కోసం."

"ఆగకపోతే పోనివ్వండి."

"జాబితాలో రాసుకుంటాను. రేపు మేనేజరు దగ్గర మాట్లాడదాం."

"రాసుకోండి. నా పేరేంటో తెలుసా మీకు?"

ఆయన జాబితా తెరిచాడు, మూశాడు. తొమ్మిదేళ్ళు ఆయన ఆమెను పిలిచింది ఒకే పేరుతో.

"చేతులు అని రాసుకోండి సార్," అంది ఆమె. గొంతులో కోపం లేదు, ఓపిక అడుగంటిన గొంతు అది. "అలా రాస్తే మేనేజరుకు కూడా తెలుస్తుంది."

ఆయన, వెనక నలుగురు ఆగి చూస్తున్నారని గమనించి, ఈల కొరుకుతూ వెళ్ళిపోయాడు. కాసేపటికి బ్యానరు దగ్గర ఫోటో అయింది. ఎవరూ నవ్వినట్టు లేదు, ఫోటో తీసేవాడు మూడుసార్లు అడిగాడు. తర్వాత బస్సు హారను మొదలైంది.

"అమ్మా, బస్సు," అంది మేస్త్రి సంచులు కాపలా కాస్తూ.

"వింటున్నా."

"వెళ్ళిపోతుంది."

"వెళ్ళనీ."

మేస్త్రికి ఆ జవాబు నచ్చలేదు, కానీ వచ్చి సంచి మీద కూర్చుంది. తల్లి కాళ్ళు లాగుతున్నాయి. మోకాళ్ళ వెనక నరాలు పీకుతున్నాయి. కళ్ళ ముందు మడుగు రెండుగా కనబడి మళ్ళీ ఒకటవుతోంది. కూర్చుందామా అనుకుంది, కూర్చుంటే నిద్రపోతుందని తెలుసు. నిలబడింది.

దున్న బురదలోంచి లేవడం మొదలుపెట్టింది. ముందు వెనక కాళ్ళు, తర్వాత ముందు కాళ్ళు, ఒళ్ళంతా బురద కారుతోంది. అది లేచేసరికి సందులోంచి దాని పొట్ట తప్ప ఏమీ కనబడటం లేదు. బుడ్డోడు మునివేళ్ళ మీద లేచాడు. చాలలేదు. అక్క వైపు చూశాడు. అక్క సంచి మీద కూర్చుని ఉంది, అది వాడికంటే ఒక జానెడు పొడుగంతే. వాడు కంచె కొలత చూశాడు. పక్కన నిలబడ్డ మనిషి కొలత చూశాడు. తర్వాత, దున్న మీంచి చూపు తిప్పకుండా, రెండు చేతులూ పైకెత్తి ఆమె వైపు జరిగాడు. నిచ్చెన దగ్గరికి జరిగినట్టు.

ఆమె ఎత్తుకుంది. పొద్దుట్నుంచి మోసిన సంచుల నొప్పి భుజంలో కలుక్కుమంది. వాడి గీరుకున్న మోకాలు పక్కటెముకల్లో గుచ్చుకుంది, నెత్తురు చీరకు అంటింది. వాడు ఒక చేత్తో ఆమె జుట్టు పట్టుకున్నాడు, పట్టు కోసం.

"కనబడుతోందా?"

"తల కనబడట్లేదు. ఇంకా పైకి."

ఆమె వాణ్ణి భుజం మీదకు ఎక్కించుకుంది. హారను ఆగకుండా మోగుతోంది. బస్సు వైపునుంచి కాలరక్క గొంతు వినిపించింది. "నిదానంగా చూడండే! బస్సు యాడికీ పోదు, నేను మెట్ల మీద కూర్చున్నా! తలుపు పడదు!"

"ఇప్పుడు?" అంది తల్లి.

"ఉష్," అన్నాడు వాడు. "కదలకు. అది మనల్ని చూస్తోంది."